ఏటి నడుమ అత్తా అల్లుడు

కోస్తారికా కొండల్లో ఒక జలపాతం. దానికి కాస్త దిగువన, ఏటి మధ్యలో పెద్ద బండ. శనివారం మధ్యాహ్నం. బండ మీద కాందిదా, ఆమె అల్లుడు నోర్లాన్. ఇద్దరూ నికరాగ్వా నుంచి ఈ దేశానికి పని కోసం వచ్చినవాళ్ళు. ఒడ్డున కాందిదా కూతురు, నోర్లాన్ భార్య మార్బెలి.

“చెప్పు కోసం వచ్చానన్నానుగా అత్తయ్యా.”

“ఏ చెప్పు?”

“నా చెప్పు.”

“నీ చెప్పులు రెండూ నీ కాళ్ళకే ఉన్నాయి.”

“అప్పుడు లేవనుకున్నాను.”

“ఒడ్డు దాకా వెళ్ళిపోయావు. నేను చూశాను. మార్బెలి చెయ్యి కూడా అందుకున్నావు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, నీళ్ళల్లో పడి లేచి మళ్ళీ ఈ బండ దగ్గరికొచ్చావు.”

“చెప్పు కోసం.”

“సరే నాయనా. చెప్పు కోసమే.”

“నా సంగతి వదిలెయ్యండి. మీరేం చేశారు? నేను గొంతు చించుకుంటున్నాను. నీళ్ళు మట్టిరంగు తిరిగాయి, ఆకులు కొట్టుకొస్తున్నాయి, లేవండి లేవండి అని. మీరు కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని కూర్చున్నారు.”

“నన్ను కాదనుకున్నాను.”

“అత్తయ్యా అని అరిస్తే మీరు కాక ఇంకెవరు? ఈ ఏట్లో నాకెంతమంది అత్తలున్నారు?”

“నిజం చెప్పమంటావా? తినడానికి పిలుస్తున్నావనుకున్నాను. కాసేపాగి తిందాంలే అనుకున్నాను.”

“ఇంక తినేదేం లేదు. సంచీ పోయింది.”

“పోయిందా!”

“మీ పక్కనుంచే పోయింది. మీరు కాళ్ళు జరిపి దానికి దారి కూడా ఇచ్చారు.”

“అయ్యో, నా నకతమాల్లు! నిన్నంతా కూర్చుని పంది మాంసం పెట్టి, పిండి పెట్టి, ఒక్కోటీ అరిటాకులో కట్టుకున్నాను.”

“ఆకు విప్పుకోవడం చేపలకి వస్తే తింటాయి.”

“నవ్వులాటగా ఉందా నీకు? నీళ్ళెంత దాకా వచ్చాయి?”

“మీరు కిందికి చూడకండి.”

“చూడకపోతే ఎలా తెలుస్తుంది?”

“నేను చూసి చెప్తాను.”

“అయితే చెప్పు.”

“వద్దు.”

“ఇక్కడివాళ్ళు దీన్నే నీటితల అంటారు నోర్లాన్. పైన ఎక్కడో కుండపోత. కింద మనకి ఎండ కాస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి వచ్చి పడుతుంది.”

“తెలిసినావిడ లేవాలి కదా మరి.”

“తెలియడానికి బుర్ర చాలు. లేవడానికి మోకాళ్ళు కావాలి. నీకు యాభై ఏడొచ్చాక మాట్లాడదాం.”

“ఇవాళ దాటితే తప్పకుండా మాట్లాడదాం.”

“మార్బెలి ఏమంటోంది చూడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.”

“ఫోన్ చేశానంటోంది. లేదా ఏమీ వినపడ్డం లేదంటోంది.”

“ఇప్పుడు రెండు చేతులూ పైకీ కిందికీ ఊపుతోంది.”

“కూర్చోమంటోంది.”

“కాదు, లేచి నిలబడమంటోంది.”

“అత్తయ్యా, మీ అమ్మాయి పెళ్ళయిన దగ్గర్నుంచీ నాతో ఇలాగే మాట్లాడుతోంది. నాకు తెలుసు. కూర్చోమంటోంది.”

“కూర్చున్నాం కదా.”

“ఇంకా కూర్చోమంటోంది.”

“అదిగో, పరిగెడుతోంది. ఎక్కడికి?”

“పైకి, రోడ్డు మీదకి. ఎవరైనా దొరుకుతారేమోనని.”

“పిల్లకి బుర్ర ఉంది.”

“ఉంటే మనల్ని ఇక్కడికి తెచ్చేదా?”

“తెచ్చింది అదొక్కతేనా? నేనూ అడిగాను.”

“అవును, మీరూ అడిగారు. నాకదే అంతు పట్టలేదు. మూడేళ్ళలో పనికీ చర్చికీ తప్ప గడప దాటలేదు మీరు. పోయిన వారం ఉన్నట్టుండి జలపాతం చూడాలన్నారు.”

“చూడకూడదా?”

“చూడొచ్చు. ఎందుకని అడుగుతున్నాను.”

“నీళ్ళు పైనుంచి పడతాయంట కదా. చూద్దామని.”

“అంతేనా?”

“అంతే. మరి మార్బెలి ఎందుకంది?”

“ఊరికే.”

“ఊరికేనా?”

“మీకు కాస్త గాలి మారుతుందని... ఊరికే.”

“రెండు బస్సులు మారి, గంటసేపు బురదలో నడిచి, ఊరికే.”

“అత్తయ్యా, ఒకసారి లేవండి. ఆ పై మెట్టు మీదకి ఎక్కుదాం.”

“ఎందుకు?”

“ఊరికే.”

“ఇందాక ఇక్కడొక తెల్ల మచ్చ ఉండేది కదా, నాచు లాంటిది.”

“ఉండేది. ఎక్కండి. చెయ్యి ఇవ్వండి. ఆ కాలు కాదు, రెండోది.”

“రెండోది నొప్పి.”

“అయితే మొదటిది. ఎక్కండి. ఆఁ. జరగండి.”

“ఇంకెక్కడికి జరగను? అయిపోయింది బండ.”

“సరే. గట్టిగా పట్టుకోండి.”

“దేన్ని?”

“నన్ను.”

“నీకు ఈత వచ్చా నోర్లాన్?”

“కొంచెం వచ్చు.”

“కొంచెం అంటే?”

“మా ఊళ్ళో సరస్సు ఉంది కదా. అందులో, కాళ్ళు అడుగున తగిలేంత దూరం వెళ్ళేవాణ్ణి.”

“దాన్ని ఈత అనరు. నడక అంటారు.”

“మరి మీకు?”

“నేను పెద్ద పెద్ద నదులు దాటినదాన్ని.”

“ఎలా దాటారు?”

“పడవలో.”

“సరిపోయాం ఇద్దరం.”

“నీకు తెలుసో తెలీదో. నేను ఈ దేశంలోకి వచ్చినప్పుడు సరిహద్దు దగ్గర నారింజ తోటల్లో రెండ్రోజులు నడిచాను. కాగితాల్లేవు. పక్కన తెలిసినవాళ్ళు లేరు. ఎక్కడ కుక్క మొరిగినా నేల మీద పడుకోవడమే. అయినా భయమెయ్యలేదు. ఇప్పుడేస్తోంది.”

“ఎందుకని?”

“అప్పుడు పోగొట్టుకోడానికి నా దగ్గర ఏమీ లేదు.”

“ఇప్పుడేముంది?”

“ఏదో ఉంటుందిలే. ఆ చెయ్యి ఇలా ఇవ్వు.”

“ఇది నా చెయ్యి కాదు, చెట్టుకొమ్మ. కొట్టుకొచ్చింది. వదిలెయ్యండి దాన్ని.”

“ఓరి దేవుడా! బడిపిల్లాడి బరువుంది.”

“నా చెయ్యి ఇదిగో.”

“ఇంత గట్టిగా పట్టుకున్నావేమిటి?”

“చలికి.”

“ఎండ కాస్తోంది.”

“అత్తయ్యా, ఒకమాట. మీరు కోప్పడకూడదు.”

“ఇక్కణ్ణుంచి కోప్పడి ఎక్కడికి పోతాను?”

“మార్బెలి చెప్తానంది. తింటూ చెప్తానంది, నువ్వు నోరు మూసుకో అంది. కానీ ఒకవేళ... ఒకవేళ మనం... మనసులో పెట్టుకుని ఉంటే...”

“పోయేముందు చెప్పేస్తే బావుంటుందంటావు.”

“నేనలా అనలేదు.”

“సరే, అనలేదు. చెప్పు.”

“మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది గాలి మార్పుకి కాదు.”

“ఊఁ.”

“మనం ఉండేది ఒక్క గది.”

“నాకు తెలుసు. నేనూ అందులోనే ఉంటాను.”

“మధ్యలో కర్టెన్.”

“ఆ కర్టెన్ కుట్టింది నేనే.”

“మార్బెలి నవ్వితే మీరు దగ్గుతారు.”

“దగ్గొస్తే దగ్గనా?”

“మూడేళ్ళుగా అది నవ్వినప్పుడే వస్తోంది అత్తయ్యా.”

“సరే, చెప్పు. నువ్వు చెప్పాల్సింది ఇంకా రాలేదు.”

“మీకొక గది చూశాను.”

“ఎక్కడ?”

“దూరం కాదు. రెండు వీధులవతల.”

“రెండు వీధులు.”

“రోజూ వచ్చి తినొచ్చు. ఆదివారాలు మేమే వస్తాం. మిమ్మల్ని వదిలించుకోవాలని కాదు. ఒట్టు. మాకు పెళ్ళయి మూడేళ్ళయింది. మాట్లాడుకోవాలంటే వీధి చివర బస్టాపుకి వెళ్ళి కూర్చుంటాం. బస్సు వస్తే ఎక్కకుండా నిలబడతాం. డ్రైవర్లందరికీ మేం తెలుసు.”

“పోట్లాటలకి కూడా అక్కడికేనా?”

“పోట్లాటలకి మరీ ముఖ్యంగా.”

“నేను ఇంకోలా అనుకున్నాను. మీ ఇద్దరికీ బస్సులంటే ఇష్టమని.”

“అత్తయ్యా...”

“గదిలో కుళాయి ఉందా?”

“ఉంది. లోపలే. గోడలకి రంగు కూడా వేశాను.”

“నువ్వా?”

“నేనే. పనిలో మిగిలిన డబ్బాలు మేస్త్రీని అడిగి తెచ్చుకున్నాను. ఆదివారాలు వెళ్ళి వేశాను. రెండు పూతలు.”

“ఆదివారాలు నువ్వు పనుందని వెళ్ళేది అక్కడికా?”

“అవును.”

“గోడలకి రంగు వెయ్యడానికి.”

“అవును. ఏం?”

“ఏం లేదు. నువ్వు సబ్బుతో చేతులు అన్నిసార్లు రుద్దుకుని ఇంటికొస్తుంటే నేను వేరే అనుకున్నాను.”

“వేరే అంటే?”

“వేరే అంటే వేరే. ఎవరో మనిషి అనుకున్నాను.”

“అత్తయ్యా!”

“మార్బెలితో ఒక్క ముక్క అనలేదు. రెండు ఆదివారాలు నీ వెనకాల మూల దాకా వచ్చాను. మోకాలు నొప్పెట్టి తిరిగొచ్చేశాను.”

“నాలుగడుగులు వేసుంటే మీ గదే కనిపించేది.”

“ఏ రంగు?”

“నీలం. మీ శాలువా రంగు.”

“నా శాలువా రంగు.”

“ఏడుస్తున్నారా?”

“నీళ్ళు చిమ్మాయి.”

“అత్తయ్యా, మీరు ఆ గదికి వెళ్ళక్కర్లేదు. నాది బుద్ధి తక్కువ. ఇవాళ బతికి బయటపడితే, ఎన్నేళ్ళైనా సరే, మీరు మాతోనే. దగ్గుకోండి, ఎన్నిసార్లైనా దగ్గుకోండి. నేను మార్బెలికి చెప్తాను.”

“అలా ఒట్లు పెట్టుకోకు నాయనా. నీళ్ళు తగ్గితే ఇబ్బంది పడతావు.”

“లేదు, నిజంగానే అంటున్నాను.”

“గది ఎంత వెడల్పుంది?”

“ఎందుకిప్పుడు?”

“మంచం పడుతుందా అని.”

“పడుతుంది. అక్కడొకటి ఉంది కూడా.”

“పెద్దదా, చిన్నదా?”

“ఒక మనిషికి సరిపోతుంది. మీకు పెద్ద మంచం ఎందుకు?”

“దొర్లుతాను.”

“మూడేళ్ళలో మీరు దొర్లడం నేనెప్పుడూ వినలేదు.”

“కర్టెన్ ఉందని ఓర్చుకున్నాను. అదిగో, మార్బెలి!”

“ఎక్కడ? ఆఁ. ఎవర్నో తీసుకొస్తోంది.”

“ఎవరో కాదు, మనిషి.”

“మనిషని కనిపిస్తూనే ఉంది. భుజం మీద తాడు కూడా ఉంది. ఎవడో మంచివాడు దొరికాడు. కానీ ముసలాయన అత్తయ్యా.”

“ముసలాయనా? అరవై కూడా నిండలేదు.”

“ఇంత దూరం నుంచి ఎలా తెలిసింది?”

“నడక చూస్తే తెలుస్తుంది.”

“ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తెల్లది. ఇస్త్రీ చొక్కా వేసుకుని జలపాతానికి ఎవడైనా వస్తాడా?”

“వస్తారు కొంతమంది.”

“తల కూడా దువ్వుకున్నాడు.”

“బాగా దువ్వుకున్నాడు.”

“సరే, ఎలా ఉంటేనేం. తాడు చెట్టుకి కడుతున్నాడు. అయ్యయ్యో, ఆ చెట్టుకా? సన్నంగా ఉంది అది.”

“లేదు, దానికి కట్టడు. ఒకసారి ఊపి చూస్తున్నాడంతే. చూడు, పక్కదాని దగ్గరికి వెళ్ళాడు.”

“నిజమే! మీకెలా తెలిసింది?”

“పద్ధతైన మనిషిలా ఉన్నాడు.”

“ముడి వెయ్యడం వచ్చో రాదో.”

“ముప్పై ఏళ్ళు చేపల పడవ మీద పని చేసినవాడికి ముడి రాదా?”

“ఏమన్నారు?”

“చేపలు పట్టేవాడిలా ఉన్నాడన్నాను.”

“ఏం చూసి?”

“భుజాలు చూసి.”

“అత్తయ్యా, ఆయన మీకు తెలుసా?”

“విసురుతున్నాడు, పట్టుకో! పట్టుకో!”

“అందలేదు.”

“ఎడమ చేత్తో విసరొద్దని ఎన్నిసార్లు... ఎడమ చెయ్యి పైకి లేవదు పాపం.”

“ఎన్నిసార్లు ఏంటి?”

“మళ్ళీ విసురుతున్నాడు. ఈసారి సీసా కట్టాడు కొసకి. అదీ! అలా రావాలి. నోర్లాన్, నన్ను కాదు, తాడుని చూడు!”

“దొరికింది! దొరికింది అత్తయ్యా!”

“శభాష్ ఎలాదియో!”

“ఎవరు?”

“ఎవరేంటి?”

“ఎలాదియో అన్నారు.”

“అన్నానా?”

“అన్నారు. ఆయన పేరు మీకెలా తెలుసు?”

“తెలియడమేంటి? మొహం చూస్తే ఎలాదియో అనిపించింది.”

“అత్తయ్యా.”

“మా ఊళ్ళో ఇలాంటి మొహాలకి అదే పేరు పెడతారు. ఆ తాడు నడుముకి చుట్టుకో ముందు.”

“నేనా? ముందు మీరు.”

“నేను బరువు. నువ్వు ముందెళ్ళి అవతల నిలబడితే, నన్ను లాగడానికి ఇద్దరుంటారు. మార్బెలి లాగితే అదే కొట్టుకుపోతుంది.”

“మిమ్మల్నిక్కడ ఒక్కర్నీ వదిలేసి వెళ్ళను.”

“ఎందుకు? చెప్పులు రెండూ ఉన్నాయిగా నీకు.”

“చెప్పు కోసం రాలేదు నేను.”

“నాకు తెలుసు.”

“మీరు లేకుండా ఆ ఒడ్డు మీద నిలబడి మార్బెలి మొహం ఎలా చూడను? అంతే కాదు. నాకే... నాకూ బాగుండదు. ఇంట్లో మీ కాఫీ గిన్నె చప్పుడు లేకపోతే నాకు మెలకువ రాదు.”

“నాకు తెలుసు నాయనా. కడుపున పుట్టినవాడు కూడా అందరూ చూస్తుండగా వెనక్కి రాడు. ఇంక కట్టుకో. నీళ్ళు ఒక జానెడు తగ్గాయి.”

“పట్నం నుంచి సహాయంవాళ్ళు వస్తారు కదా. మార్బెలి ఫోన్ చేసింది. ఇంకో గంట కూర్చుంటే...”

“పైన మళ్ళీ ఉరుముతోంది. విను. ఇంకో నీటితల వస్తే ఈ బండ కూడా కనపడదు. వెళితే ఇప్పుడే వెళ్ళాలి.”

“నడుము దాకా ఉంటాయా నీళ్ళు?”

“నీకు నడుము దాకా. అడుగు తగులుతుంది. నీ ఈతకి అదే కావలసింది.”

“ఇలా చుట్టానా?”

“కాదు, లోపలినుంచి తియ్యి. రెండోసారి చుట్టు. ఇప్పుడు లాగు. ఇలాగే వెయ్యాలి, పడవవాళ్ళ ముడి.”

“ఇది మీకెవరు నేర్పారు?”

“తర్వాత చెప్తాను.”

“చేతులు ఊపుతోంది మార్బెలి. రమ్మంటోంది.”

“ఈసారి నాకూ అర్థమైంది. వెళ్ళు.”

“ఆయన చెట్టుకి ఒక చుట్టు చుట్టి, మిగతాది తన నడుముకి కట్టుకున్నాడు. అంటే నేను జారితే నన్ను ఆపాల్సింది ఆయనే.”

“ఆయనే.”

“మార్బెలికి కూడా ఆయనెవరో తెలిసినట్టు లేదు. పైన రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి ఉంటే పట్టుకొచ్చినట్టుంది.”

“అలాగే అయ్యుంటుంది.”

“ఎవరికోసమో ఎదురు చూస్తూ నిలబడి ఉంటాడు.”

“ఉంటాడు.”

“అత్తయ్యా, నా కాళ్ళు కదలడం లేదు.”

“ఒక కాలు దింపు. తర్వాత రెండోది అదే వస్తుంది.”

“నవ్వకండి. ఇది నా ప్రాణం. ఆ చివరున్నాయన ఎవరో, ఏ ఊరో, ఎలాంటివాడో. నేను కొట్టుకుపోతే ఆయన తాడు విప్పుకుని, చొక్కా దులుపుకుని, బస్సెక్కి వెళ్ళిపోతాడు. పరాయివాడు. ఏ నమ్మకంతో దిగమంటారు నన్ను?”

“పరాయివాడు కాదు. పోయిన నెల పదహారో తారీకున మేమిద్దరం పెళ్ళి చేసుకున్నాం. ఆయన నీకు మావగారు. దిగు.”